ఇవతలి పక్క గుర్తు

"కొండచరియ పడి ఇంటికెళ్ళే దారంతా మూసుకుపోయింది. పదమ్మా, వచ్చిన దారినే కిందికి పోదాం," అన్నారు మామగారు, కుంచె దులుపుతూ.

కోడలు రంగుడబ్బాతో వెనక్కి తిరిగింది. లోయంతా పొగమంచు. ఒకే అచ్చులో పోసినట్టు పైన్ చెట్లు. కొండెక్కేవాళ్ళకు దారి తెలిసేలా పొద్దుటి నుంచి చెట్లకు వేసుకుంటూ వచ్చిన తెల్లగుర్తుల్లో ఒక్కటీ కనిపించలేదు.

"ఇవతలి పక్క కూడా వేసుంటే బావుండేది మామయ్యా."

"నడిచేవాళ్ళంతా కింద నుంచి వచ్చి, మన ఊళ్ళో బస్సెక్కి పోతారు. వెనక్కి నడిచేదెవరని వెయ్యాలి?"

ప్రతి మానూ చుట్టి వెతుకుతూ కొంత దూరం వెళ్ళారు. తిరిగి తిరిగి మళ్ళీ బయల్దేరిన చోటే తేలారు.

"ఇటు రండి," అంది కోడలు చివరికి.

ఆమె చూపించిన చెట్టు బెరడు మీద, భుజమెత్తులో, ఎర్రటి గోళ్ళరంగు చుక్క ఉంది. కిందివైపు చెట్టుకు ఇంకొకటి.

"ఇవెవరు పెట్టారమ్మా?"

"నేనే. ఏటా మీ వెనకాల డబ్బా మోస్తూ."

"కిందికి పోవాలంటే బస్సుందిగా?"

"బస్సు మీ అబ్బాయి కొట్టు ముందే ఆగుతుంది మామయ్యా."

రాత్రిళ్ళు పక్కగదిలో కొడుకు కోడలి మీద అరవడం వినబడితే, ముసుగుతన్ని పడుకున్నది మామగారే.

"మరి పోలేదేం?"

"ఇంకా పోలేదు."

మామగారు డబ్బా అందుకుని మూత తీశారు. ఆ ఎర్రచుక్క పక్కనే, దూరానికి కనబడేంత తెల్లగీత గీసి, కిందివైపు చెట్టు దగ్గరికి నడిచారు.