అమ్మమ్మ పెనాలు

"బ్రేకు తొక్కకు వెండెల్!" డార్లీన్ గొంతు చించుకుంది.

అతను తొక్కనే తొక్కాడు. పికప్ వెనక తగిలించిన ట్రైలర్ ఇల్లు ఎడమకీ కుడికీ ఊగుతూ పికప్‌ని కూడా పక్కకి ఈడ్చింది. అసలే వయోమింగ్ గాలి. ఎలాగో గండం గడిచి రెస్ట్ ఏరియాలో ఆగారు. దిగీ దిగగానే వెండెల్ భార్య మీద పడ్డాడు. తప్పు ఎప్పుడూ అతనిది కాదు మరి. టైరుది, గాలిది, కాకపోతే పెళ్లాంది.

"అంతా నీ ఇనప పెనాల వల్లే! వంద పౌండ్ల ఇనుము ఎవడు మొయ్యమన్నాడు?"

"అవి మా అమ్మమ్మవి. పన్నెండేళ్లుగా ట్రైలర్ ముందర అరలోనే వస్తున్నాయి. ఎప్పుడైనా ఊగిందా? ఈసారి నువ్వు వెనకెక్కించిన ఆ పెట్టెలేమిటో..."

"పెట్టెల జోలికి రాకు. అవి ట్రైలర్లవాళ్ల ర్యాలీకి. సాయంత్రం నాలుగొందలమంది నాకోసం కూర్చుని ఉంటారక్కడ. ట్రైలర్ గురించి నువ్వా నాకు చెప్పేది?"

ముందర అర తెరిచి, ఎనిమిది పెనాలూ తీసి సిమెంటు బల్ల మీద పడేశాడు.

"ఈ చిన్నదొక్కటీ ఉంచు వెండెల్. నా మొదటి రొట్టె దీంట్లోనే కాల్చాను."

అదీ లాక్కున్నాడు. "కావలసినవాళ్లు పట్టుకుపోతారులే. ఎక్కు."

డార్లీన్ ఎక్కింది. అతని పక్కన కూర్చోవాలంటేనే కంపరం పుట్టింది. ఛీ, ఇలాంటివాడితోనా ముప్పై ఏళ్లు!

పది మైళ్లు పోయారో లేదో, పక్కనుంచి ఓ పెద్ద లారీ దూసుకుపోయింది. ట్రైలర్ ఈసారి ఇందాకటికి రెండింతలు ఊగింది. వెండెల్ కాలు మళ్లీ బ్రేకు మీదికే పోయింది.

"కాలు తియ్! స్టీరింగు కదపకు!" అంటూ డార్లీన్ చెయ్యి చాచి, ట్రైలర్‌కి మాత్రమే బ్రేకు వేసే మీట నొక్కిపట్టింది. ట్రైలర్ గట్టిగా గుంజి, దారికొచ్చింది. రోడ్డు పక్కన ఆగారు. వెండెల్ మొహంలో నెత్తురుచుక్క లేదు.

"చూశావా, గాలి!" అన్నాడు, నోరు మాత్రం తగ్గకుండా.

వెనకాలే వస్తున్న ఇంకో లారీ ఆగింది. నెరిసిన గడ్డం డ్రైవరు దిగొచ్చాడు.

"ట్రైలర్ ఒక్కటే బ్రేకు పట్టడం వెనకనుంచి చూశాను. మీట నొక్కింది మీరేనా మేడమ్? ప్రాణాలు నిలబెట్టారు." ట్రైలర్‌ని ఓసారి వంగి చూశాడు. "వెనక్కి వాలిపోయిందే. ముందువైపునుంచి ఏమన్నా దింపేశారా?"

"మా అమ్మమ్మ పెనాలు."

"అయ్యో! ఆ బరువే కదా దీన్ని ఊగకుండా పట్టి ఉంచేది. వెనకేం పెట్టారు?"

"ఏం లేదు," అన్నాడు వెండెల్, తలుపుకి అడ్డంగా నిలబడి.

"తప్పుకో," అంది డార్లీన్. చీదరింపంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. అతను తప్పుకున్నాడు.

లోపల వెనకవైపు మంచం కింద ఆరు పెట్టెలు. కదిపితే కదలవు. డ్రైవరు చాకుతో ఒకటి కోశాడు. నిండా పుస్తకాలు, అన్నీ ఒకటే. అట్ట మీద ట్రైలర్‌కి ఆనుకుని వెండెల్ నవ్వుతున్నాడు. పైన పెద్ద అక్షరాలతో పేరు:

'మీ ట్రైలర్ ఎందుకు ఊగుతుందో నన్నడగండి!'