మళ్లీ మొదటినుంచి

"ఆగు వెర్నా. పోసినదంతా మళ్లీ డబ్బాలోకి ఒంపెయ్," అన్నాడు ఆర్లిస్.

వెర్నాకు నీరసం ముంచుకొచ్చింది. పెరటి షెడ్డులో కూర్చుని, కాల్చేసిన పిస్తోలు తూటాల ఇత్తడి గొట్టాల్లో ఆమె చిన్న గరిటెతో తుపాకి మందు పోస్తోంది. కోళ్లగూటి మీదికి కొయెట్ నక్కలు వస్తున్నాయి. కొత్త తూటాలు కొనే స్తోమత లేదు, భర్త ఆర్లిస్‌కు చూపు పోయింది. ఇక కాల్చాల్సిందీ, తూటాలు కట్టుకోవాల్సిందీ తనే.

"ఇప్పుడేమైంది?"

"కాఫీ ఉందా అని నేనడిగాను, నువ్వు జవాబు చెప్పావు. ధ్యాస మళ్లితే ఒకే గొట్టంలో రెండుసార్లు పోస్తావు. అప్పుడు తుపాకి చేతిలోనే పేలుతుంది. ఎవరైనా పలకరిస్తే మొదటికి రావాల్సిందే."

"అయితే నోరు మూసుకుని కూర్చోలేకపోయావా, ముసలాడా!"

విసురుగా ఒంపబోయిన చెయ్యి సగంలో ఆగింది. చూపున్న రోజుల్లో అతను తూటాలు కడుతూ ఈ షెడ్డులో కూర్చున్న ప్రతి సాయంత్రం తను వంటింట్లోంచి కేకేసేది, ట్రక్కు మొరాయిస్తోందనో, చిక్కుళ్లలో ఉప్పు చూడమనో. అతను ప్రతిసారీ పలికేవాడు. మొక్కజొన్న రొట్టె చల్లారిపోయాక గానీ భోజనానికి వచ్చేవాడు కాదు. తన నుంచి తప్పించుకోడానికే ఇక్కడ కూర్చుంటాడని ఇన్నేళ్లూ అనుకుంది.

"నేను పిలిచినప్పుడల్లా ఇలాగే ఒంపేసేవాడివా?"

"మరి?"

"పిలవొద్దని ఒక్కమాట చెప్పొచ్చుగా."

"చెబితే నిజంగానే మానేసేదానివి. నీ మొండితనం నాకు తెలీదూ?"

వెర్నా మిగతాది కూడా ఒంపేసింది. గరిటె తుడిచి మళ్లీ మొదలుపెట్టింది. నాలుగో గొట్టం దగ్గరుండగా అతను మెల్లగా అడిగాడు.

"వెర్నా, బయట చీకటి పడిందా?"

"ఇంకా లేదు," అందామె. పోసిన మందంతా డబ్బాలోకి ఒంపేసింది.