పూజలో పెట్టిన తుపాకి

“రేపు దశమి పొద్దున ఉద్వాసన చెప్పేదాకా ఆ పెట్టె మీద చెయ్యి వేశారంటే ఊరుకోను,” అంది శకుంతల, బేస్‌మెంట్ మెట్లకు అడ్డంగా నిలబడి. పూలు తెస్తానని పొద్దున్నే వెళ్లి అప్పుడే తిరిగొచ్చింది. కోటు కూడా విప్పలేదు.

యజ్ఞనారాయణ మొహం వాడిపోయింది. ఆయుధపూజ పేరుతో ఇంట్లోని పనిముట్లన్నీ నిన్న రాత్రే కింద అమ్మవారి ముందు చేరాయి. కుట్టుమిషను, డ్రిల్లు, అల్లుడు తారక్ లాప్‌టాప్, వాటి మధ్య పట్టుగుడ్డ కప్పుకుని, తాళం వేసిన ఆయన తుపాకి పెట్టె.

“అన్నిట్లోకీ అసలైన ఆయుధం అదొక్కటే కదే. దాని పరీక్ష ఇవాళే. మార్గరెట్ మధ్యాహ్నం ఫ్లైట్‌కి విన్నిపెగ్ వెళ్లిపోతుంది.”

పాత సైనిక తుపాకులంటే ఆయనకు పిచ్చి. యుద్ధకాలం నాటి మరతుపాకి ఒకటి సంపాదించి, లైసెన్సున్న గన్‌స్మిత్ పక్కనే కూర్చుని, ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక్క గుండే పేలేలా మార్పించాడు. రిటైరైన దగ్గర్నుంచి ఆయనకు అదే లోకం. మిగిలింది తుపాకి క్లబ్బుకి తనిఖీకొచ్చిన అధికారి మార్గరెట్ పెట్టే ఆఖరి పరీక్ష. గడువు ఇవాళ్టితో సరి. మార్గరెట్ సరేననకపోతే దాన్ని ముక్కలు చేయించాల్సిందే. ఆ మాట తలుచుకుంటేనే ఆయనకు ఏడుపొస్తోంది.

“మీ ఒక్కరికి వదిలితే రేపు నా మాట ఎవరు వింటారు?”

“అత్తయ్యగారూ, నాకు ఆఫీసు ఆన్‌కాల్ డ్యూటీ ఉంది. లాప్‌టాప్ ఒక్క అరగంట...” అన్నాడు సోఫాలోంచి తారక్, ఆశగా.

“చూశారా?” అంది శకుంతల, మొగుడి వైపు తిరిగి.

యజ్ఞనారాయణ పూజ పనుల్లో పడ్డాడు. బుద్ధిగా కొబ్బరికాయ పీచు తీశాడు. అష్టోత్తరం చదివాడు. శకుంతల పాయసం కలపడానికి వంటింట్లోకి వెళ్లగానే పిల్లిలా మెట్లు దిగి, కూతురు రిషిత పాత కీబోర్డు పెట్టెను పట్టుగుడ్డ కింద పడుకోబెట్టి, తుపాకి పెట్టె చంకన పెట్టుకున్నాడు. రాత్రి తను పెట్టిన చోటు నుంచి అది వాషింగ్ మెషీన్ వైపు ఒక జానెడు జరిగి ఉంది. తారకే లాప్‌టాప్ కోసం కెలికి ఉంటాడనుకున్నాడు.

“తల్లీ, క్షమించు. సాయంత్రం హారతి వేళకి తెచ్చేస్తా,” అని లెంపలు వాయించుకుని, గరాజ్ తలుపులోంచి జారుకున్నాడు.

దారి పొడవునా గడియారమే చూశాడు. మధ్యాహ్నం ఎప్పుడో దాటిపోయింది. మార్గరెట్ ఈపాటికి ఎయిర్‌పోర్టులో ఉంటుందని తెలిసినా కారు ఆపబుద్ధి కాలేదు.

క్లబ్బులో అడుగుపెట్టేసరికి మార్గరెట్ బల్ల ముందు కూర్చుని, స్టీలు డబ్బాలోంచి పులిహోర తింటోంది.

“నీ అదృష్టం. పొద్దున ఎవరో ఈ పసుపు అన్నం నా కోసమని ఆఫీసులో ఇచ్చి వెళ్లారట. ఒక్క ముద్ద తిని లేద్దామనుకున్నా, లేవలేకపోయా. సాయంత్రం ఫ్లైట్‌కి మార్చుకున్నా,” అంది ఆవిడ, నోట్లో ముద్దతోనే.

వీరరాఘవులు గారి భార్య అనిత పంపి ఉంటుంది. క్లబ్బులో ఇంకో తెలుగు కుటుంబం వాళ్లదే. యజ్ఞనారాయణ ఆవిడకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

పరీక్ష మొదలైంది. మార్గరెట్ ట్రిగ్గర్ నొక్కింది. ఒక్క గుండు. మళ్లీ నొక్కింది. మళ్లీ ఒక్కటే. వేలు తియ్యకుండా నొక్కి పట్టినా అంతే. ఇంట్లో ఒక్క మాట అంటే పది మాటలు పడే మనిషికి ఆ పొదుపు ఎంత ముచ్చటేసిందో చెప్పలేం.

“పాస్,” అంది మార్గరెట్.

ఆ సంతోషంలో యజ్ఞనారాయణ కూడా డబ్బాలో మిగిలిన పులిహోర అడుగంటా ఊడ్చి తిన్నాడు. “మా ఆవిడ కూడా చేస్తుంది గానీ, ఇంత బాగా కుదరదు,” అన్నాడు.

ఇంటికొచ్చి, ఎవరి కంటా పడకుండా కీబోర్డు పెట్టె తీసి తుపాకి పెట్టెను యథాస్థానంలో ఉంచాడు. సాయంత్రం హారతి కళ్లకద్దుకుంటుంటే, కనాటా ఊరు మొత్తంలో తనంతటి గడుసు దొంగ లేడనిపించింది. నవ్వు ఆపుకోవడమే కష్టమైంది.

శకుంతల అందరికీ ప్రసాదం పెడుతూ ఆయన దగ్గరికొచ్చింది. తారక్‌కి వినపడకుండా గొంతు తగ్గించింది.

“మీ పెట్టెకి తెల్లారుతూనే ఉద్వాసన చెప్పి ఉత్తరానికి జానెడు జరిపేశాను లెండి. ఇంతకీ, ఆ మార్గరెట్‌ని కదలకుండా కూర్చోబెట్టిన నా స్టీలు డబ్బా తెచ్చారా, అక్కడే వదిలేశారా?”