గిన్నె అడుగు

కష్టపడేవాడికి ప్రభుత్వం పెట్టే ప్రతి ముద్దనూ ముందు పనిలేనివాడే తింటాడు.

ఇందులో మిల్లు ఫిట్టరుకు ఆవగింజంత అనుమానం లేదు. మిల్లు గేటు పక్కన ప్రభుత్వం నడిపే పిల్లల కేంద్రంలో రోజూ కళ్లారా చూస్తున్నాడు.

భార్య పోయినప్పుడు పాపను తను పెంచుకుంటానంది చెల్లెలు. అతను ఇవ్వలేదు. పొద్దున కేంద్రంలో దింపి, సాయంత్రం ఆరింటి సైరన్ మోగగానే గేటు దాకా ఎదురు పరుగెత్తుకొచ్చే పిల్లను చంకనేసుకుని ఇంటికి పోయేవాడు. ఉద్యోగమూ నిలిచింది, పిల్లా దక్కింది.

ఒళ్లు మండేదల్లా అక్కడుండే ఓ ముసలిదాన్ని చూసే.

మధ్యాహ్నం పాపను చూసిపోదామని వెళ్తే, గుమ్మం పక్కన కూర్చుని గిన్నె అడుగు గీక్కుని తింటూ ఉండేది. గిన్నెమ్మ అని పేరు పెట్టాడు.

"ఎవరావిడ?" అని ఆయాను నిలదీశాడు.

"అడక్కన్నా."

"పిల్లల తిండి తినేస్తోంటే అడక్కుండా ఎలా?"

"పిల్లలు తిన్నాకేగా. నీకు దణ్ణం పెడతా, వదిలెయ్యన్నా."

ఇద్దరూ కుమ్మక్కయ్యారనుకున్నాడు.

పాప ముసలమ్మ ఒళ్లోంచి చెయ్యి ఊపింది. "నాన్నా, చూడు, అమ్మమ్మ!"

"మీ అమ్మమ్మ ఎప్పుడో పోయింది. దిగు."

తనిఖీకి ఆఫీసరమ్మ వచ్చిన రోజున చేతుల గ్రీజైనా తుడుచుకోకుండా పరుగెత్తాడు.

"మా పిల్లల నోటి దగ్గరి కూడు బయటివాళ్లు తింటున్నారు మేడం. అదుగో, అక్కడ."

ఆఫీసరమ్మ అటు తిరిగింది. "నీకిక్కడేం పని?"

ముసలమ్మ ఆయా వంక చూసింది. ఆయా నేల చూసింది.

"పనేం లేదమ్మా. ఆకలేసి వచ్చా."

"ఇంకోసారి కనబడ్డావో, ఆయా ఉద్యోగం ఊడుతుంది."

ముసలమ్మ గిన్నె కడిగి, బోర్లించి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది. పాప ఏడ్చింది. ఫిట్టరు మీసం దువ్వుకున్నాడు.

"మొగాడివిరా!" అన్నారు మిల్లులో తోటివాళ్లు.

ఆ సాయంత్రం సైరన్ మోగాక వెళ్లేసరికి కేంద్రానికి తాళం. పిల్లలంతా మెట్ల మీద తుంపరలో ముడుచుకుని ఉన్నారు. ఆయా కొంగు పరిచి వాళ్ల తలలు కప్పుతోంది.

"ఇదేంటి? ఆరింటిదాకా కదా!"

"ఎవరు చెప్పారు నీకు? గవర్నమెంటు టైము నాలుగే. ఆఫీసరమ్మ దగ్గరుండి తాళం వేయించింది. మా ఆయన మంచాన పడ్డాడన్నా, నేను రోజూ నాలుగింటికే పోతాను. ఇవాళ వీళ్లనొదిలి పోలేక ఉండిపోయా."

"మరి ఇన్నాళ్లూ..."

"తాళంచెవి ఆ ముసలమ్మ చేతిలో పెట్టి పోయేదాన్ని. బయటపడితే నా కొంప మునగదూ? అందుకే అడక్కన్నా అన్నది."

అతను తడిసిన పాపను ఎత్తుకున్నాడు.

"రెండో ఆయా ఆమె. పోయినేడు ఆ పోస్టు తీసేశారు. మీరు షిఫ్టు దిగేదాకా పిల్లలేమైపోతారని రావడం మానలేదు. ఆ గిన్నె అడుగే ఆమెకు జీతం."

నాలుగింటికి వదలమని అడిగితే మిల్లువాళ్లు ఇష్టం లేకపోతే పొమ్మని గేటు చూపించారు. వారం తిరక్కుండా పాపను చెల్లెలింటికి తీసుకెళ్లాడు.

"కేంద్రం ఉందన్నావుగా అన్నయ్యా! ఏమైంది?"

"గవర్నమెంటు సంగతి తెలిసిందేగా. పనిలేనివాళ్లు తినేశారు."

పాప అతని చొక్కా వదల్లేదు. "నాన్నా, అమ్మమ్మ ఏది?"

చొక్కా విడిపించుకుని బస్సెక్కాడు. ఆ తర్వాత ఆ ముసలమ్మ ఊసు ఎవరెత్తినా, పాప పెద్దదై అడిగినా, అతను నోరు విప్పలేదు.