మరమనిషి ఏడుపు

సినిమాలో మరమనిషి తను పెంచిన పసిపాపను పోగొట్టుకుని మొదటిసారి ఏడుస్తుంది. ఆ ఏడుపు వినగానే ప్రివ్యూ థియేటర్లో అందరూ కళ్లు తుడుచుకున్నారు. మరమనిషికి గొంతిచ్చిన డబ్బింగ్ కళాకారిణి మాత్రం కుర్చీలో కొయ్యబారిపోయింది. మాటలన్నీ ఆమె చెప్పినవే. ఏడుపు మాత్రం ఆమె స్టూడియోలో ఏడ్చింది కాదు.

దర్శకుడైన భర్తను చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చింది.

"అది మన పాప పోయిన రోజు నేను ఏడ్చిన ఏడుపు కదండీ?"

అతను నేలచూపులు చూశాడు. "స్టూడియోలో నువ్వెంత ఏడ్చినా నటనలాగే వచ్చింది. ఏడుపు నిజమైతేనే మర మనిషవుతుంది. లోపల చూశావుగా, ఏడవనివాళ్లు ఒక్కరైనా ఉన్నారా?"

"నన్నొక మాట అడగొచ్చుగా?"

"అడిగితే ఒప్పుకునేదానివా?"

లోపల చప్పట్లు మారుమోగాయి. ఆమె అతని చెయ్యి వదిలేసింది.

"ఆ రోజు ఆసుపత్రి గదిలో నన్ను ఒంటరిగా వదిలేసి బయటికెళ్లారు. నా ముందు ఏడవలేక వెళ్లారనుకున్నాను. అదొక్కటి తలుచుకునే ఇన్నాళ్లూ మీతో కాపురం చేశాను."



"రికార్డర్ కారులో ఉండిపోయింది. తేవడానికి వెళ్లాను."