రెండో జవాబు

"నూటికి నలభై కణాలకి రంగు వచ్చిందన్నది నేను. డెబ్బై అన్నది మా ఆవిడ. పందెం కాస్తారా?" అన్నాడు డాక్టరు, మైక్రోస్కోపులోంచి తల ఎత్తకుండానే.

"ఎవరు ఏదన్నారో నేను చెప్పను. ఏది తప్పో, ఎందుకు తప్పో నువ్వు చెప్పు," అంది పెద్ద మేడమ్.

ఆవిడ ఆ ప్రయోగశాలకి పెద్ద. ఒకప్పుడు అతనికీ, అతని భార్యకీ కూడా పాఠాలు చెప్పిన మనిషి. ఇప్పుడు లింఫోమా అనే కాన్సరు మీద పెద్ద పరిశోధన ఒకటి మొదలుపెడుతోంది. ఏళ్ళ తరబడి భద్రపరిచిన గడ్డల ముక్కలన్నీ బయటికి తీసి, వెంట్రుకకన్నా పల్చగా కోసి, యాంటీబాడీలు పట్టించి చూడాలి. తను వెతికే ప్రోటీను ఏ కణంలో ఉంటే దాన్ని యాంటీబాడీ పట్టుకుంటుంది. అక్కడ గోధుమరంగు తేలుతుంది. మిగతావి నీలంగా ఉండిపోతాయి. ఏ గడ్డ ఏ రకమో, ఎంత జోరుగా పెరుగుతోందో ఆ రంగు చూసి తేల్చాలి.

తేల్చే చివరి మాట మాత్రం ఒక్కరిదే.

ఆ ఒక్కరు డాక్టరా, అదే గదిలో పక్క బల్ల దగ్గర పనిచేసే అతని భార్యా అన్నది ఇవాళ తెలిసిపోతుంది. ఇద్దరికీ స్లైడ్లు ఇచ్చి పరీక్ష పెట్టింది మేడమ్. రెండు జవాబులకీ పొత్తు కుదరని స్లైడ్లు మాత్రం ఏరి, ట్రేలో పెట్టుకుని కూర్చుంది.

అన్ని స్లైడ్లలో దేనికి ఏం చెప్పాడో డాక్టరుకి గుర్తులేదు. కానీ సరైన జవాబు తనదే అయ్యుంటుందన్న దాంట్లో అతనికి రవ్వంత అనుమానం లేదు. ఈ పని తనదేనని అప్పుడే పదిమందికీ చెప్పుకున్నాడు కూడా. ఇప్పుడది భార్య చేతికి పోతే ఇంట్లో గిన్నెలు సైతం నవ్వుతాయి.

భార్య ఎదురుగా స్టూలు మీద కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకుంటోంది.

"ఇదిగో, ఈ అంచు చూడండి మేడమ్," అన్నాడు. ఇద్దరు ఒకేసారి చూడగలిగే మైక్రోస్కోపు అది. రెండో వైపు నుంచి మేడమ్ వంగి చూసింది. "ఇది నిజం రంగు కాదు. తడిబట్ట ఆరేటప్పుడు అంచున మరక కట్టినట్టు, ముక్క చివర ఎండిపోయి రంగు పేరుకుంది. దాన్ని కూడా కలిపేసుకుని డెబ్బై అన్నారు. పని నేర్చుకునేవాళ్ళకి మొట్టమొదట చెప్పే పాఠం ఇది!"

"పాపం, కళ్ళు అలిసిపోయి ఉంటాయి," అంది భార్య మెల్లగా.

"కళ్ళు అలిస్తే ఇంటికెళ్ళి పడుకోవాలి. స్లైడ్లు చూడకూడదు."

"పడుకోమని ఇంట్లోవాళ్ళు చెప్పే ఉంటారు. వింటేగా."

డాక్టరుకి నవ్వొచ్చింది. తప్పు ఒప్పుకోవడానికి మొహం చెల్లక, ఎవరి గురించో చెబుతున్నట్టు చెబుతోంది!

మేడమ్ రెండో స్లైడు పెట్టింది. గడ్డ కణాలకి రంగు వచ్చిందని ఒక జవాబు. రాలేదని ఇంకో జవాబు. డాక్టరు స్లైడుని అటూ ఇటూ జరిపి చూశాడు.

"రాలేదు. అలా అన్నది నేనే. రంగు తేలినవి గడ్డ కణాలు కావు మేడమ్. చుట్టపుచూపుగా వచ్చి మధ్యలో కూర్చున్న మామూలు తెల్లకణాలు. ఇంటివాళ్ళెవరో, వచ్చిన చుట్టాలెవరో పోల్చుకోలేకపోతే ఎలా?"

"కొందరికి ఇంటివాళ్ళ మొహం చూసే తీరిక ఉండదు లెండి," అంది భార్య.

మేడమ్ దగ్గింది. ఆ దగ్గు కాస్త నవ్వులాగే ఉంది.

మూడో స్లైడు చూడగానే డాక్టరు కుర్చీలోంచి లేచిపోయాడు.

"ఘోరం మేడమ్! రంగు కచ్చితంగా రావలసిన ముక్కని పరీక్ష కోసం స్లైడు మూల పెడతాం కదా. ఇక్కడ దానికే రాలేదు. అంటే అసలు యాంటీబాడీయే పట్టలేదు. ఇలాంటిది పక్కన పడేసి, మళ్ళీ చేయించమనాలి. అది మానేసి గడ్డలో ఆ ప్రోటీనే లేదని తీర్పు చెప్పేశారు!"

"తొందర అయ్యుంటుంది," అంది భార్య. "గబగబా ముగించి మేడమ్ దగ్గర శభాష్ అనిపించుకోవాలని."

"ఇక్కడ తొందరపడి ఒక మాట అంటే అక్కడ రోగికి ఇచ్చే మందే మారిపోతుంది. ఆ సంగతి ఆలోచించొద్దూ?"

భార్య తల వంచుకుంది. ఆమె భుజాలు కొద్దిగా కదిలాయి. ఏడుస్తోందేమోనని డాక్టరు మనసు ఒక్క క్షణం మెత్తబడింది. అంతలోనే గట్టి చేసుకున్నాడు. పని దగ్గర మొగుడేమిటి, పెళ్ళామేమిటి!

"ఈ జవాబులు చెప్పిన మనిషి చేతికి ఇక ఒక్క స్లైడు కూడా ఇవ్వకండి మేడమ్. మన పరిశోధన గంగపాలవుతుంది. నా సొంత మనిషైనా సరే, నేనిదే అంటాను."

"తర్వాత మాట మార్చవుగా?"

"నేనా? మార్చను."

"మీ ఆవిడ సాక్ష్యంగా?"

"ఆవిడ సాక్ష్యంగానే. ఏమోయ్, విన్నావుగా? మనసులో ఏం పెట్టుకోకు."

"నాకేముందండీ," అంది భార్య కళ్ళు ఒత్తుకుంటూ. "మీరు పెట్టుకోకుండా ఉంటే చాలు."

మేడమ్ తీరిగ్గా మైక్రోస్కోపు దీపం ఆర్పింది. స్లైడు తీసి ట్రేలో పెట్టింది. ట్రేని డాక్టరు వైపు జరిపింది.

"పోయిన నెల చూసిన స్లైడ్లనే నంబర్లు మార్చి ఈ నెల మళ్ళీ మీ ఇద్దరికీ ఇచ్చానయ్యా, మీ ఆవిడ రెండుసార్లూ ఒకే మాట చెప్పింది, ఈ ట్రేలో ఉన్నవాటికి రెండు జవాబులూ నీవే."