ఇంటి తూకం

"యాభై మూడు కిలోల నాలుగొందలు!" అంది బరువులెత్తే పోటీలో తూకం దగ్గర కూర్చున్న అధికారిణి.

ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే ఆ పిల్ల వంగి మళ్ళీ అంకె చూసుకుంది. "పొద్దున ఇంట్లో యాభై ఒకటీ తొమ్మిదొందలే ఉన్నాను మేడం!"

"యాభై రెండు కిలోల క్లాసులో కుదరదమ్మా. పైది యాభై ఏడు. ఎత్తుతావా, ఇంటికెళ్తావా?"

"ఎత్తుతాను," అంది పిచ్చుక.

బయట కోచ్ తల పట్టుకున్నాడు. "మొదటి ఇద్దరినే పెద్ద పోటీకి పంపుతారే! కింది క్లాసులో నీకు ఎదురే లేదు. ఆ పైవాళ్ళు నిన్ను నంజుకు తింటారు. పోనీ జిమ్ తూకం మీద చూద్దామంటే, మూడు వారాలుగా మీ నాన్న షాపులో రిపేరంటూ మూలుగుతోంది!"

నాన్న పని తూకాలు బాగుచేయడమే. చేసిన ప్రతి తూకం అడుగునా, ఏం చేశాడో రాసి, తేదీ వేసి చీటీ అంటిస్తాడు. గ్రాము తేడా వస్తే ఆయనకి నిద్ర పట్టదని ఊళ్ళో పేరు. అలాంటి మనిషి ఇంట్లో తూకమే ఇలా కొంప ముంచింది.

"పాతదైపోయింది కదే," అన్నాడు పోటీకి తోడొచ్చిన నాన్న, టిఫిన్ డబ్బా మూత తీస్తూ. "ముందు తిను."

తింది. మూడు వారాల కిందట, బరువు పెరగకూడదని తిండి మానేసి, కళ్ళు తిరిగి మెట్ల మీద పడింది. ఆ తర్వాత ఏం మాయో, ఎంత తిన్నా ఇంటి తూకం ముల్లు యాభై రెండు దాటలేదు. హమ్మయ్య అనుకుని మూడు పూటలా తింటూ వచ్చింది.

రెండు నెలలుగా నేల వదలని నూట ముప్పై కిలోలు ఆ మధ్యాహ్నం మోకాళ్ళు దాటి నడుము దాకా లేచాయి. రెండో స్థానం! కోచ్ ఎగిరి గంతేశాడు. "కడుపు మాడ్చుకుని ఉంటే ఇది ఎత్తేదానివా? ఇక యాభై ఏడే నీ క్లాసు!"

పిచ్చుకకి ప్రాణం లేచొచ్చింది. ఇక రోజూ ఆ ముల్లుకి భయపడక్కర్లేదు.

ఇంటికొస్తే అమ్మ నాన్న మీద విరుచుకుపడింది. "ఊళ్ళో తూకాలన్నీ దిద్దుతారు, ఇంట్లోది మాత్రం పట్టదు!"

నాన్న చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

"దీన్ని అవతల పారేస్తానమ్మా," అంటూ పిచ్చుక తూకాన్ని ఎత్తి తిరగేసింది. అడుగున చీటీ ఉంది. తను మెట్ల మీద పడిన రోజు తేదీ. దాని కింద నాన్న గుండ్రటి చేతిరాత.

"కిలోన్నర తక్కువ చూపేలా సరిచేశాను."